అరవై రెండు శాతం దగ్గర

షేక్‌పేట,
ఆదివారం మధ్యాహ్నం

అన్నయ్యకి,

వరం నమస్కరించి రాస్తున్నది. నువ్వూ వదినా పిల్లలూ ఒంట్లో కులాసాగా ఉన్నారనుకుంటాను. వదిన మోకాలి నొప్పి ఎలా ఉంది? చిన్నాడి జలుబు తగ్గిందా? షాపు పైకప్పు మళ్ళీ కారుతోందన్నావు, రిపేరుకొచ్చిన టీవీలన్నీ బల్లల మీదికి ఎత్తించావా లేదా? నా సంగతంటావా, ఒంటికి క్షేమమే. వేళకి తింటున్నాను, వేళకి పడుకుంటున్నాను. ఇవి నువ్వు ఎలాగూ అడుగుతావు కాబట్టి ముందే రాసేస్తున్నాను.

మొన్ననే ఫోన్లో మాట్లాడుకుని మళ్ళీ ఈ ఉత్తరమేంటని నవ్వుకుంటావు. ఫోన్లో అయితే నేను ఒక ముక్క చెప్పేలోపు నువ్వు పది ప్రశ్నలు వేస్తావు. షాపుకొచ్చిన వాళ్ళని కూడా అలాగే వేపుకు తింటావు కదా, పాపం వాళ్ళు టీవీ అక్కడే వదిలేసి పారిపోతారు. పైగా మొన్న నీకు చెప్పినదాంట్లో సగం అబద్ధం. స్టూడియోలో కంప్యూటర్ కార్డు పాడవడానికి కరెంటు హెచ్చుతగ్గులు కారణమన్నాను. కాదు. కంగారు పడకు, మొదటినుంచీ చెబుతాను.

ఇక్కడికొచ్చి ఏడు నెలలైంది. ఫిల్మ్‌నగర్‌లో మా స్టూడియో ఎత్తు మీద ఉంటుంది. హాస్టల్ నుంచి రోజూ ఆ ఎత్తు ఎక్కేసరికి కాళ్ళు పట్టేస్తాయి. దారి పొడుగునా పెద్ద పెద్ద గేట్లే, మనుషులు కనపడరు. కార్లు తుడిచే డ్రైవర్లూ కుక్కలూ మాత్రం నన్ను గుర్తుపడుతున్నారు. పిల్లలు ఆటోగ్రాఫులు అడిగారు కదా, ఇన్ని నెలల్లో నేను దగ్గరగా చూసిన హీరో ఒక్కడే. ఆ చూడటం కూడా ఎందుకొచ్చిందా అని ఇప్పుడు ఏడుస్తున్నాను.

నా పని ఏమిటో వదినకి ఇప్పటికీ అర్థం కాలేదు, పెళ్ళిళ్ళలో అడిగినవాళ్ళకి "సినిమాల్లో చేస్తుంది" అని చెప్పి ఊరుకుంటోందట. ఆవిడకి ఇలా చెప్పు. సినిమా తీయడం అయిపోయాక ఒక చీకటి గదిలో కూర్చుని బొమ్మకి రంగులు సరిచేస్తారు. ఎండ ఎక్కువైతే తగ్గిస్తారు, హీరోయిన్ ముఖం వాడిపోయినట్టుంటే వెలుగు పోస్తారు. ఆ పని చేసే కంప్యూటర్లు చెడిపోకుండా చూడటం నా ఉద్యోగం. రంగుల జోలికి నన్ను రానివ్వరు. గదంతా నల్లగుడ్డ, మెషీన్ల కోసం ఏసీ గడగడలాడిస్తుంది. బయట ఎండకి తారు కరుగుతుంటే నేను లోపల శాలువా కప్పుకుని కూర్చుంటాను. వదిన దగ్గర ఆ ముదురాకుపచ్చ స్వెట్టర్ ఉంది చూడు, కైకలూరులో దానితో ఏం పని, ఎవరైనా వస్తుంటే పంపించమను.

తిండి ఫర్వాలేదు. హాస్టల్లో రోజూ ఒకటే పప్పు చేసి పేరు మారుస్తుంటారు. గదిలో ఇంకో ఇద్దరు అమ్మాయిలున్నారు, వాళ్ళ డ్యూటీలు వేరు, ఒకరి ముఖం ఒకరం ఆదివారమే చూసుకుంటాం. పలకరించే మనిషి అంటూ ఉంటే అది స్టూడియోలో యాదగిరి బాబాయ్ ఒక్కడే. కరెంటు పనులన్నీ ఆయనవే. ఇక్కడివాడే, రహమత్ నగర్‌లో ఉంటాడు. స్టూడియో పునాది వేసినప్పటినుంచీ ఉన్నాడు, పద్దెనిమిదేళ్ళు. నేను చేరిన మొదటి వారంలో చలికి ముక్కు కారుతుంటే ఏసీ గాలి నా మీద పడకుండా అట్టముక్క కోసి అడ్డం కట్టాడు. "గీ చల్లల కూసుంటే పానం ఖరాబైతది బిడ్డా" అన్నాడు. ఆయన గురించే ఈ ఉత్తరం.

ఇరవై రోజుల కిందట మా మూర్తి గారు, అంటే మా యజమాని, కొత్త మెషీన్ కొన్నారు. అందులో బొమ్మని నడిపించే గ్రాఫిక్స్ కార్డు చాలా ఖరీదైంది, బరువు కూడా ఇటుకంత ఉంటుంది. మా రంగుల మెషీన్లన్నీ విండోస్ మీద కాదు, లైనక్స్ మీదే నడుస్తాయి. నీకు తెలుసుగా దాని గుణం. బాగున్నన్నాళ్ళూ బంగారం, అలిగితే ఎందుకలిగిందో చెప్పదు. కార్డు పెట్టగానే దాన్ని నడిపించే ప్రోగ్రాం, అదే డ్రైవర్, ఎక్కలేదు. లైనక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నల్ కొత్తది, డ్రైవర్ పాతది, రెండింటికీ పొసగలేదు. రెండు రోజులు తిప్పలు పడి దాన్ని లైన్లో పెట్టాను. అప్పుడు బొమ్మ వచ్చింది కానీ పావుగంటకోసారి తెర నల్లబడి మళ్ళీ వెలిగేది. అమ్మినవాళ్ళకి రాస్తే, కార్డులోపల ఉండే ఫర్మ్‌వేర్ పాతది, కొత్తది ఎక్కించండి అన్నారు. నువ్వు టీవీ బోర్డుల్లో మెమరీ మార్చి రాస్తావు చూడు, అదే. ఎక్కేటప్పుడు మధ్యలో కరెంటు పోకూడదు, అంతే షరతు.

మర్నాడు గురువారం. ఆ మెషీన్ మీద కొత్త సినిమా పని మొదలుపెట్టడానికి పదకొండు దాటాక ముహూర్తం పెట్టారు. నేను ఎనిమిదింటికే వెళ్ళాను. ముందు కార్డులో ఉన్న పాత ఫర్మ్‌వేర్‌ని పెన్‌డ్రైవ్‌లోకి తీసి దాచాను. ఏదైనా ముట్టుకునే ముందు ఉన్నదాన్ని కాపీ తీసుకోమని నువ్వు నెత్తిన మొట్టి మరీ నేర్పావుగా, ఆ అలవాటు పోలేదు. తొమ్మిదింటికి కొంచెం ముందు కొత్తది ఎక్కించడం మొదలుపెట్టాను. నలభై నిమిషాలు పడుతుంది. పదకొండుకి ఎంత టైముందో చూడు.

తొమ్మిదింపావు కాకుండానే బయట కార్ల చప్పుడైంది. హీరో గారికి వేరేచోట షూటింగ్ ఉందట, అందుకని అంతకంటే ముందున్న ఘడియకి ముహూర్తం జరిపారట. నాకెవరూ చెప్పలేదు. చెప్పాలని ఎవరికి తోస్తుంది. పంతులు గారు, పూలమాలలు, వీడియో తీసేవాళ్ళు, నిర్మాత మనుషులు, అందరూ ఒక్కసారిగా ఆ చీకటి గదిలోకి వచ్చిపడ్డారు. మెషీన్‌కి పసుపూ కుంకుమా పెట్టారు. దండ వేశారు. నేను మూలన ఉన్న చిన్న తెర ముందు నిలబడి ఉన్నాను. అందులో అంకెలు నడుస్తున్నాయి, పైన 'కరెంటు తీయవద్దు' అని ఉంది.

ఇక్కడ ముహూర్తమంటే ఎవరో ఒక పెద్ద మనిషి కెమెరా స్విచ్ఛాన్ చేయాలి. మూర్తి గారికి అదే ఆచారం కొత్త మెషీన్‌కీ చేయించాలని ముచ్చట పుట్టింది. హీరో గారి చేత స్విచ్ వేయించాలనుకున్నారు. గోడ మీద యూపీఎస్ లైన్ స్విచ్‌కి బంతిపూలు కట్టించారు. కానీ మెషీన్ అప్పటికే నడుస్తోంది కదా. నడుస్తున్నదాన్ని ఆయన మళ్ళీ ఎలా ఆన్ చేస్తారు? మూర్తి గారు వెనక్కి తిరిగి, "యాదగిరీ, ముందు అది ఆపు. బాబు గారు ఆన్ చేస్తారు" అన్నారు.

యాదగిరి బాబాయ్ స్విచ్ మీద చెయ్యేసి ఆగాడు. ఆగి నా వైపు తిరిగి, "బిడ్డా, బంద్ చెయ్యాల్నా?" అని అడిగాడు.

అన్నయ్యా, తెరమీద అరవై రెండు శాతం దగ్గరుంది. అది నేను ఒక్కదాన్నే చదవగలను. పంతులు గారు ఘడియ దాటిపోతోందంటున్నారు. మూర్తి గారు నా ముఖం చూశారు, హీరో గారు వాచీ చూసుకున్నారు, కెమెరా లైటు నా కళ్ళలో పడుతోంది. "ఆగండి, ఇంకో పావుగంట పడుతుంది" అంటే చాలు. ఆ నాలుగు మాటలు నా గొంతులోంచి రాలేదు. తలూపాను. బాబాయ్ ఆపేశాడు. వెంటనే హీరో గారు నవ్వుతూ ఆన్ చేశారు, అందరూ చప్పట్లు కొట్టారు.

ఫ్యాన్లు గిర్రున తిరిగాయి. పెద్ద తెర మాత్రం నల్లగానే ఉండిపోయింది. ఒక నిమిషం చూశారు. మూర్తి గారు నవ్వు చెదరకుండా, "కొత్త మెషీన్ కదండీ, వేడెక్కాలి" అని చెప్పి అందర్నీ టిఫిన్లకి తీసుకుపోయారు. హీరో గారు పెసరట్టు తిని వెళ్ళిపోయారు. నేను ఆ నల్లతెర ముందు కూర్చుని ఉన్నాను.

ఆ తర్వాత పది రోజులు నేను పడ్డ పాట్లు నీకు ఒక్కడికే అర్థమవుతాయి. తెర తీగని మదర్‌బోర్డుకి తగిలిస్తే లైనక్స్ మామూలుగానే లేచింది. కార్డు ఉందా అని దాన్ని అడిగితే, లేదంది. ఎదురుగా ఇటుకంత కార్డు కూర్చుని ఉంటే లేదంటుందేమిటి. డ్రైవర్ తీసేసి మళ్ళీ వేశాను. పాత కెర్నల్‌తో లేపాను. కార్డుని ఇంకో స్లాట్‌లోకి మార్చాను. నీ చిట్కా ప్రకారం రబ్బరుతో కార్డు పిన్నులు తుడిచి పెట్టాను. ఫర్మ్‌వేర్ మళ్ళీ రాద్దామంటే, రాసే ప్రోగ్రాం కూడా ముందు కార్డు కనపడాలంటుంది. ఇంటర్నెట్‌లో వెతికితే సరిగ్గా నా బాధే పడ్డ మనిషి ఒకడు దొరికాడు, మూడేళ్ళ కిందటివాడు. అతను రాసిన చివరి మాట, "సరిపోయింది, అందరికీ థాంక్స్" అని. ఎలా సరిపోయిందో రాయలేదు మహానుభావుడు. వాడి ఊరు తెలిస్తే వెళ్ళి తలుపు కొట్టేదాన్ని. అమ్మినవాళ్ళేమో, మధ్యలో కరెంటు తీస్తే గ్యారంటీ వర్తించదన్నారు.

ఇదంతా ఒక ఎత్తు. అసలుది అదే గురువారం మధ్యాహ్నం జరిగింది. ఇక్కడ సెంటిమెంట్ అని ఒకటుంటుంది. ఫలానావాళ్ళ చెయ్యి మంచిది, ఫలానావాళ్ళది కాదు అని ఒకసారి మాట పుడితే దాన్ని ఎవరూ తుడవలేరు. ఆ హీరో గారి గత రెండు సినిమాలు పోయాయి. ఆయన చేత్తో ఆన్ చేసిన మెషీన్ అప్పుడే చచ్చిపోయిందని బయటికి పొక్కితే సినిమా అమ్ముడుపోదు, మా స్టూడియోకి ఇంకెవరూ రారు. కాబట్టి ఇంకో కారణం కావాలి. మూర్తి గారు అందర్నీ పిలిచి, యాదగిరి తప్పు లైను ఇచ్చాడు, కార్డు కాలిపోయింది అన్నారు. అందరి ముందే. "నేను చెప్పేదాకా రావద్దు" అన్నారు.

బాబాయ్ ఒక్క మాటే అన్నాడు. "పద్దెనిమిదేండ్ల సంది గా స్విచ్చులతోనే ఉన్న సార్. ఒక్కనాడు తప్పు లైను ఇయ్యలే." తన స్క్రూడ్రైవర్లూ టెస్టరూ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. నేను ఆ గదిలోనే ఉన్నాను అన్నయ్యా. నా నోట ఒక్క ముక్క రాలేదు. ఆ సాయంత్రమే నువ్వు ఫోన్ చేసి ఏంటి గొంతు అలా ఉందన్నావు. జలుబన్నాను.

పోయిన ఆదివారానికి ముందురోజు, శనివారం, ఆయనే ఫోన్ చేశాడు. "బిడ్డా, కార్డు నిజంగ కాలిందా?" అన్నాడు.

"కాలలేదు బాబాయ్. దాని లోపల రాసి ఉండేది చెడిపోయింది. చిప్పుకి క్లిప్పు పెట్టి బయటినుంచి రాయాలి, ఆ సామాను మా స్టూడియోలో లేదు."

"టీవీ బోర్డులకు రాస్తరు, గసొంటిదేనా?"

అదేనన్నాను. నీ షాపు గుర్తొచ్చి ఏడుపొచ్చింది కూడా. నీ దగ్గర ఉన్నదే కదా ఆ సామాను. నిన్ను అడుగుదామా అనుకున్నాను. అడిగితే ఎందుకో చెప్పాలి, అందుకని అడగలేదు.

"ఎర్రగడ్డల నాకు ఎరుకైన టీవీ మెకానిక్ ఉన్నడు. రేపు పట్టుకొనిరా. ఫికర్ చెయ్యకు" అన్నాడు.

సర్వీసుకి చూపించి తెస్తానని మూర్తి గారికి చెప్పి, కార్డుని తువ్వాల్లో చుట్టుకుని మెట్రోలో ఎర్రగడ్డ వెళ్ళాను. ఆదివారం సంత, కాలు పెట్టే జాగా లేదు. నేలమీద పాత రిమోట్లు, మోటార్లు, సగం విప్పిన మిక్సీలు పరిచి అమ్ముతున్నారు. బాబాయ్ స్టేషన్ మెట్ల దగ్గరే నిలబడి ఉన్నాడు, ఇస్త్రీ చొక్కాతో. మెకానిక్ పేరు నర్సింలు. కార్డు చూసి భయపడ్డాడు పాపం. "గింత పెద్దది నేనెన్నడు ముట్టలే" అన్నాడు. చిప్పు మీద నంబరు చదివి, ఇది ఒకటి పాయింట్ ఎనిమిది వోల్టులది, టీవీకి పెట్టినట్టు పెడితే నిజంగానే కాలిపోతుందన్నాడు. ఆ మాట తెలిసిన మనిషని నాకు ధైర్యం వచ్చింది. సొరుగులన్నీ తిరగేసి వోల్టు తగ్గించే చిన్న ముక్క తీశాడు.

మొదటిసారి రాయలేదు. రెండోసారి రాసింది కానీ సరిచూస్తే తప్పొచ్చింది. క్లిప్పు స్ప్రింగు వదులైపోయింది, కొంచెం కదిలితే చాలు, చిప్పు కాళ్ళ నుంచి విడిపోతోంది. నర్సింలు ఇక నావల్ల కాదన్నాడు. అప్పుడు యాదగిరి బాబాయ్ స్టూలు లాక్కుని కూర్చుని, "నేను పట్టుకుంట. నువ్వు రాయి బిడ్డా" అన్నాడు. రెండు వేళ్ళతో క్లిప్పుని నొక్కి పట్టుకున్నాడు. రాయడానికీ సరిచూడటానికీ కలిపి పది నిమిషాల పైన పట్టింది. రేకుల షెడ్డు, ఫ్యాను వేస్తే కదులుతుందని ఆపించాడు. చెమట కళ్ళలోకి కారుతున్నా తుడుచుకోలేదు. వేళ్ళు తెల్లబడ్డాయి. నేను పెన్‌డ్రైవ్‌లో దాచిన పాత కాపీ అంతా ఎక్కింది, అక్షరం పొల్లు పోకుండా సరిపోయిందని తెరమీద వచ్చింది.

వేళ్ళు దులుపుకుంటూ, "గిది నడిస్తే నన్ను రమ్మంటరు గద బిడ్డా" అన్నాడు.

"ఎందుకు రమ్మనరు బాబాయ్" అన్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. కార్డు కాలనే లేదని తేలాక ఆయన చేసిన తప్పేముంటుంది? ఆ పది రోజులూ నేను రాత్రింబవళ్ళు ఆ కార్డు పట్టుకుని వేలాడింది అందుకే. అది లేస్తే నేను నోరు విప్పే అవసరం రాదు, ఆయన పని ఆయనకొస్తుంది. అంత పిరికి లెక్క వేసుకున్నాను.

సోమవారం కార్డు పెట్టాను. బొమ్మ వచ్చింది. నల్లబడి వెలిగే రోగం అలాగే ఉందనుకో, అది తర్వాత కొత్త డ్రైవర్‌తో తగ్గింది. మూర్తి గారు పరుగున వచ్చి చూసి, "చూశావామ్మా వరలక్ష్మీ, బాబు గారి చెయ్యి మామూలు చెయ్యి కాదని నేను ముందే అన్నాను" అన్నారు. స్వీట్లు తెప్పించారు. నేను స్వీటు పట్టుకుని, "మరి యాదగిరి గారిని రమ్మని ఫోన్ చేయమంటారా అండీ?" అన్నాను.

ఆయన తలుపు దగ్గరికేశారు. "ఇప్పుడు వాణ్ణి పిలిస్తే నలుగురూ ఏమనుకుంటారు? ఏ తప్పూ చేయనివాణ్ణి పంపేశామనుకుంటారు. మరి ఆ రోజు తెర ఎందుకు రాలేదని తిరిగి మొదలుపెడతారు. సినిమా రిలీజ్ కానీ, చూద్దాం. వాడి జాగాలో వేరే మనిషి వచ్చాడు కూడా."

అప్పుడు చెప్పాను అన్నయ్యా. ఆలస్యంగానైనా చెప్పాను. ఫర్మ్‌వేర్ ఎక్కుతోందని, ఆయన నన్ను అడిగాడని, నేను తలూపానని. మూర్తి గారు కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. "నువ్వు నాకేం చెప్పలేదు, నేనేం వినలేదు. మంచి పనిమంతురాలివి, లేనిపోనివి నెత్తిన పెట్టుకోకు. వెళ్ళి ఆ ఏసీ చూడమ్మా, చల్లగా లేదు" అన్నారు. వెళ్ళి ఏసీ చూశాను. ఇంకేం చేయను.

ఆ వారమంతా బాబాయ్ రోజూ పొద్దున్నే ఫోన్ చేశాడు. నేను ఎత్తలేదు. శుక్రవారం ఇక ఉండబట్టలేక సెలవు పెట్టి రహమత్ నగర్ వెళ్ళాను. ఇరుకు సందు, రెండు బండ్లు ఎదురైతే ఒకటి వెనక్కి పోవాలి. పై అంతస్తులో ఒక గదీ వంటిల్లూ. వాళ్ళావిడ నన్ను చూసి సంబరపడిపోయింది, పిలుపు తెచ్చాననుకుంది. చాయ్ పెట్టింది. ఆవిడ వంటింట్లోకి వెళ్ళాక, రావద్దన్నారని చెప్పాను. ఆయన తల పంకించి, "పోనియ్. గంతే. నసీబు" అన్నాడు. అక్కడితో లేచి వచ్చేయొచ్చు. ఆయన నన్ను ఏమీ అనలేదు, అనేవాడు కూడా కాదు. ఆయన అనుకుంటున్నదేమిటంటే, నేను తలూపానంటే అప్పటికి ఎక్కడం అయిపోయి ఉంటుందని. కార్డు తన ఖర్మకొద్దీ చెడిందని. ఆ నమ్మకం మీదే ఎర్రగడ్డలో వేళ్ళు తెల్లబడేలా క్లిప్పు పట్టుకున్నాడు.

"బాబాయ్, మీరు అడిగినప్పుడు అది ఇంకా ఎక్కుతూనే ఉంది. నాకు తెలుసు. తెలిసే తలూపాను" అన్నాను.

చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"నడుస్తున్నదని తెలుసు."

"తెలుసు."

"మరి నేను అడిగితిని గదా."

"అడిగారు."

కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. కోపం కనపడలేదు, ఏమీ కనపడలేదు. నేను సంచిలోంచి కాగితం తీశాను. జరిగిందంతా రాసి సంతకం పెట్టి తీసుకెళ్ళాను, సినిమా కార్మికుల యూనియన్‌లో ఇచ్చుకుంటే ఆయనకి పని ఇప్పిస్తారని. ఆయన దాన్ని ముట్టుకోలేదు.

"కాగితంతోని కాదు మేడం. అవతల మూర్తి సార్ కూసుంటడు, ఆయన ముంగట నోటితోని చెప్పాలె. సోమవారం పదకొండు గంటలకు యూనియనోళ్ళు మా ఇద్దర్ని ఆఫీసుకు పిలిచిన్రు. మీరొస్తరా?"

మేడం అన్నాడు. మీరన్నాడు. ఏడు నెలల్లో ఈ ఊళ్ళో నన్ను బిడ్డా అని పిలిచిన మనిషి ఒక్కడే, ఆయన నన్ను మేడం అన్నాడు. తిట్టినా తట్టుకునేదాన్ని. వస్తానన్నాను.

ఆ సోమవారం రేపే.

వెళ్తే నా ఉద్యోగం ఉండదు, అది నాకు తెలుసు. ఇక్కడ ఒక స్టూడియోలో పోతే ఇంకో స్టూడియోలో రాదు, అందరూ అందరికీ తెలుసు. నా డిగ్రీ కాగితాల జిరాక్సులు బీరువా పైఅరలో ఉన్నాయి, రెండేసి కాపీలు తీసి ఉంచు. మళ్ళీ నీ షాపు బల్ల దగ్గర కూర్చోవాల్సి వస్తే కూర్చుంటాను, పాత రిమోట్లు తుడుస్తాను, నువ్వు వేసే ప్రశ్నలన్నిటికీ జవాబు చెబుతాను. దానికి భయం లేదు. నా భయం వేరు. అంతమంది ముందు, మూర్తి గారు ఎదురుగా కూర్చుని నా ముఖం చూస్తుంటే, నోరు వస్తుందా అని. ఆ రోజు నాలుగు మాటలు రాలేదు. మూడు వారాల్లో నేను వేరే మనిషినైపోతానా?

నన్ను నేను నమ్మలేకే ఇది కాగితం మీద పెట్టాను. ఫోన్లో చెబితే రేపు సాయంత్రం మళ్ళీ ఫోన్ చేసి మాట మార్చేయగలను, నువ్వు నమ్మేస్తావు కూడా. రేపు యూనియన్ ఆఫీసుకి వెళ్ళే దారిలో, లోపలికి అడుగు పెట్టకముందే, దీన్ని పోస్టులో వేస్తాను. నీ చేతికి వచ్చేసరికి రెండు మూడు రోజులు పడుతుంది. అప్పటికి నేను చెప్పడమో చెప్పకపోవడమో అయిపోయి ఉంటుంది.

వదినకి నమస్కారాలు. పిల్లలకి ముద్దులు. పెద్దమ్మ అడిగితే బాగున్నానని చెప్పు, ఆవిడకి ఇవన్నీ వద్దు. నా మీద కోపం పెట్టుకోకుండా మనసులో ఒక్కసారి దీవించు. ఇది అందగానే ఫోన్ చెయ్యి. తిన్నావా అని, పడుకున్నావా అని అడగకు. చెప్పావా అని అడుగు.

నీ చెల్లెలు,
వరం